రెండోసారి అడుగుతారని

లియోన్,
11 ఫిబ్రవరి 2024

అక్కా,

కాగితం మీద నా అక్షరాలు చూసి కంగారు పడకు. అందరం బాగున్నాం. ప్రతి ఆదివారం ఫోన్‌లో మనం మాట్లాడుకునేవి ఏమిటా అని నిన్న ఆలోచించాను. అక్కడి ఎండ, ఇక్కడి చలి, నువ్వు చేసిన కూర, ఉమాకాంత్ బావగారి మోకాలు. పెట్టేశాక చూసుకుంటే అసలు మాట గొంతులోనే ఉండిపోతుంది. అందుకే పెన్ను పట్టాను. తెలుగు రాసి ఎన్నాళ్ళైందో, ఒత్తులు తప్పితే నవ్వకు.

అసలు మాట ఇది. మా అత్తగారు నిన్ను రమ్మంటున్నారు. జూన్ నెలలో. ఆవిడ ఇంటి వెనక చెర్రీ చెట్టుంది, అప్పటికి పండుతుంది. సిమోన్ గారు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను: "నిన్ను పెంచింది మీ అక్క. నీకు మాటలు నేర్పింది నేను. మేమిద్దరం ఒక బల్ల దగ్గర కూర్చుని నీ మీద చాడీలు చెప్పుకోవద్దా?"

ఎనభై దాటినా ఆ నోటికి వయసు రాలేదు. పాస్కల్ కూడా "అమ్మ అడిగింది, మీ అక్కకి వెంటనే రాయి" అని రెండు రోజులుగా పోరుతున్నాడు. పెళ్ళై ఇక్కడికి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. అప్పుడు నాన్న మంచం మీద ఉన్నారు, ఎవరూ రాలేకపోయారు. ఆ తరవాత కూడా మా పుట్టింటి మనిషి ఈ గడప తొక్కలేదు. నేను దెప్పడం లేదు. ఉన్నమాట.

ఏమంటావు?

చంద్రిక

*

అశోక్‌నగర్,
3 మార్చి 2024

చంద్రికకు అక్క దీవెనలు.

ఉదయం చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామి దర్శనం చేసుకుని వచ్చి రాస్తున్నాను. నీ ఉత్తరం అందింది. ఒత్తులు తప్పలేదు. మీ బావగారు కూడా చదివి, "ఫ్రాన్సు నుంచి పిలుపొచ్చాక మా ఇడ్లీల సంగతి ఎవరు చూస్తారు" అన్నారు. మోకాలు అలాగే ఉంది, నోరు బాగా పనిచేస్తోంది.

అంత పెద్దావిడ అంత ఆప్యాయంగా పిలవడం మన అదృష్టం. కానీ ఇప్పుడెందుకులేమ్మా. ఆ వయసులో ఆవిడకి శ్రమ. ఆడపిల్ల తరఫువాళ్ళం, పిలిచీ పిలవగానే పెట్టె సర్దుకుని దిగిపోతే ఏం బాగుంటుంది? ఈసారికి వద్దని, నా నమస్కారాలతో మర్యాదగా చెప్పు. ఆవిడ ఏమన్నారో తప్పకుండా రాయి.

ఇక్కడ ఏదో పెద్ద పరీక్షకి నోటిఫికేషన్ పడిందట. మన వీధిలో హాస్టళ్ళు నిండిపోయాయి. లైబ్రరీలో చోటు దొరకని పిల్లలు ఫుట్‌పాత్ మీద కూర్చుని చదువుతున్నారు. పూలకి వెళ్తే వాళ్ళ పుస్తకాలు దాటుకుంటూ వెళ్ళాలి.

చెర్రీలంటే కేకు మీద పెట్టే ఎర్రవేనా? చెట్టుకి గుత్తులుగా కాస్తాయా, విడివిడిగానా? జూన్‌లో అక్కడ చలి ఉంటుందా?

జవాబు రాయి.

అక్క

*

లియోన్,
30 మార్చి 2024

అక్కా,

నువ్వు చెప్పమన్నట్టే చెప్పాను. ఆవిడ కాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. "సరే. మీ అక్కకి నా గౌరవం చెప్పు" అన్నారు. అంతే. ఆ తరవాత బంగాళాదుంపలు ఒలుచుకున్నాం.

నువ్వు వద్దంటావని నాకు ముందే తెలుసు. ఎందుకో ఈసారి అనవేమోనని ఒక చిన్న ఆశ. పోనీలే. జూన్‌లో మేము సముద్రం దగ్గరికి వెళ్తున్నాం. గది తీసేసుకున్నాం.

చెర్రీలు జంటలుగా కాస్తాయి, ఒకే తొడిమెకి రెండేసి. చిన్నప్పుడు నువ్వు నా చెవులకి తగిలించిన కాడమల్లెల్లాగ. జూన్‌లో చలి ఉండదు, పొద్దున్న కొంచెం.

బావగారికి నమస్కారాలు.

చంద్రిక

*

అశోక్‌నగర్,
16 జూన్ 2024

చంద్రికా, దీవెనలు.

తొలి వాన పడింది. మేడ మీద ఆరేసిన వడియాలు తడిశాయి. దైవసంకల్పం.

నీకొక సంగతి చెప్పాలి. నారాయణగూడలో ఫ్రెంచ్ క్లాసులో చేరాను. మెట్రోలో ఒక్క స్టేషనే. కింద టిఫిన్ సెంటర్, మేడ మీద క్లాసు. దోసెల వాసనలో క్రియలు నేర్చుకుంటున్నాం. టీచర్ పేరు జయశ్రీ గారు, ఓపికమంతురాలు. తక్కినవాళ్ళందరూ కెనడా వెళ్ళేవాళ్ళే. ఫ్రెంచ్ వస్తే పాయింట్లు కలుస్తాయట. నా పక్కన ప్రేమ అని ఒక నర్సమ్మాయి కూర్చుంటుంది. మహబూబ్‌నగర్ వైపు పిల్ల, విద్యానగర్‌లో ఉద్యోగం. మొదటిరోజే అడిగింది.

"అక్కా, మీకెన్ని పాయింట్లు తక్కువున్నయి?"

"నాకు పాయింట్లు అక్కర్లేదమ్మా."

"మరి గిదంత ఏంటికి?"

"మా చెల్లెలి అత్తగారితో మాట్లాడటానికి."

నన్ను పైనుంచి కిందకి చూసింది. "మా అత్తతోని తెలుగులనే మాట్లాడబుద్ధి కాదు నాకు. నువ్వు చెల్లె అత్త కోసం కొత్త భాష నేర్సుకుంటున్నవ్. దండమక్కా నీకు!"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

పాఠం ఇంగ్లీషులో చెప్తారు. ఫ్రెంచ్‌ని ఇంగ్లీషులోకి, ఇంగ్లీషుని తెలుగులోకి తెచ్చుకునేసరికి మాట చల్లారిపోతుంది. ఈ వారం అలే, వెనీర్, వులువార్. వెళ్ళడం, రావడం, కావాలనుకోవడం. మూడూ ఒక పద్ధతిలో నడవవు. ఎందుకండీ అని అడిగితే, "ఎక్కువ వాడతారు కదండీ, అందుకే అరిగి వంకర తిరిగాయి" అన్నారు జయశ్రీ గారు. గుడి మెట్లు గుర్తొచ్చాయి. కాళ్ళు ఎక్కువ పడే చోటే గుంట పడుతుంది. అప్పటినుంచి వాటి మీద కోపం పోయింది. పొద్దున్న సహస్రనామం అయ్యాక అవే చదువుకుంటున్నాను.

పనిలో పనిగా పాస్‌పోర్టు కూడా చేయించాను. విచారణకి వచ్చిన కానిస్టేబుల్, "ఏ దేశం పోతున్నరమ్మా?" అన్నాడు. "పిలిస్తే చెప్తాను నాయనా" అన్నాను. మీ బావగారు లోపల్నించి దగ్గారు.

సిమోన్ గారు మళ్ళీ ఏమైనా అన్నారా?

అక్క

*

లియోన్,
14 జూలై 2024

అక్కా,

నువ్వు! ఫ్రెంచ్! పాస్కల్‌కి చెబితే నమ్మలేదు, నీ ఉత్తరం చూపించాను. చదవడం రాదు కదా, అయినా చూశాడు.

నాకు నా రోజులు గుర్తొచ్చాయి. కాపురానికి వచ్చిన కొత్తలో పాస్కల్ పనికి వెళ్ళిపోతే ఇంట్లో నేనూ మా అత్తగారూ. ఆవిడకి ఇంగ్లీషు రాదు, నాకు ఫ్రెంచ్ రాదు. ఆవిడ పుస్తకం తియ్యలేదు. నా చేతిలో కత్తి పెట్టి "కూపే" అన్నారు. కోశాను. గరిటె నా నోటి దగ్గర పెట్టి "గూతే" అన్నారు. రుచి చూశాను. చలిగాలి వస్తుంటే తలుపు చూపించి "ఫెర్మే". వేశాను. వంటింట్లో పనికిరాని క్రియని ఆవిడ చాలా కాలం నేర్పలేదు. "ప్రేమించడం ఎప్పుడు నేర్పుతారు?" అని పాస్కల్ ఏడిపిస్తే, "ముందు ఉల్లిపాయలు రానీ" అన్నారు.

నువ్వు ముందు రోజువారీ మాటలు పట్టుకో అక్కా. బోంజూర్ అనకుండా కొట్లో కాలు పెట్టకూడదు. ఏదైనా ఇస్తే మెర్సీ. చేతికి అందిస్తూ "వ్వాలా", అంటే ఇదుగో అని. ఇంకోటి, "అవెక్ ప్లెజీర్". సంతోషంగా అని అర్థం. ఎవరైనా ఏదైనా పెడతామన్నప్పుడు మనకి కావాలంటే వెంటనే అనాలి. అది నా నోటికి రావడానికి చాలా కాలం పట్టింది. ఎందుకు పట్టిందో ఇప్పుడు గుర్తు రావడం లేదు.

నువ్వు నేర్చుకుంటున్నావని విని అత్తగారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. సంతోషించారు. నీకు తోచక నేర్చుకుంటున్నావేమో అన్నాను. అంతకు మించి ప్రత్యేకంగా ఏమీ లేదు.

పాస్‌పోర్టు దేనికి? తిరుపతిలో అడుగుతారా ఏమిటి!

చంద్రిక

*

అశోక్‌నగర్,
15 అక్టోబర్ 2024

చంద్రికకు దీవెనలు.

దసరా బాగా జరిగింది. తొమ్మిదిరోజులూ అమ్మవారికి నైవేద్యం పెట్టగలిగాను. అంతే చాలు.

చిక్కడపల్లి పోస్టాఫీసులో నీ పేర ఒక పార్సిల్ వేశాను. అందులో సున్నుండలు, సిమోన్ గారికి ఒక నారాయణపేట చీర. మామిడాకు రంగు, ఎర్ర అంచు. వియ్యపురాలికి పెళ్ళప్పుడు పెట్టాల్సింది. చేతులతో ఇస్తే బాగుండేది. కుదిరినప్పుడు కుదురుతుంది.

కోఠీలో నాకొక స్వెట్టర్ కొనుక్కున్నాను. క్లాసుకి అటునుంచే వెళ్ళాను. ప్రేమ సంచీలో చెయ్యి పెట్టి లాగింది. "గీ ఉక్కల స్వెట్టర్ ఏందక్కా? చిక్కడపల్లిల మంచు వడ్తదా?"

"పడ్డప్పుడు వేసుకుంటాలే" అన్నాను.

"నువ్వు పోతున్నవ్, మాకు చెప్తలేవ్" అంది. చురుకైన పిల్ల.

పార్సిల్‌లో ఒక చిన్న చీటీ కూడా ఉంది. ఆవిడకి నేను ఫ్రెంచ్‌లో రాసింది. జయశ్రీ గారు దిద్దుతానన్నారు, వద్దన్నాను. నా తప్పులు నావిగానే వెళ్ళనీ. నేను అశోక్‌నగర్‌లో ఉంటాను. నేను ఫ్రెంచ్ నేర్చుకుంటున్నాను. నేను ఎదురుచూస్తున్నాను. ఇంతే రాశాను. దేనికోసమో రాయలేదు. అంతవరకూ పాఠం రాలేదు.

చీర చూసి ఆవిడ ఏమన్నారో రాయి.

అక్క

*

లియోన్,
17 నవంబర్ 2024

అక్కా,

పార్సిల్ అందింది. సున్నుండలు పొడైపోయి వచ్చాయి, స్పూనుతో తిన్నాం. చీర విప్పి అత్తగారు చాలాసేపు చేతుల మీద పట్టుకున్నారు. కట్టుకోవడం ఆవిడకి రాదు. మేడ మీద గదికి తీసుకెళ్ళి కిటికీకి కట్టేశారు. కోపం తెచ్చుకోకు. ఇక్కడ నచ్చిన గుడ్డని అలాగే వాడతారు.

చీటీ చదివి, "ఎదురుచూస్తున్నానంది, దేనికి?" అని నన్ను అడిగారు. జవాబు కోసమేమో అన్నాను.

ఒక మాట అంటాను, ఏమీ అనుకోకు. ఆ పార్సిల్ చూస్తే నాకు సంతోషం కంటే కష్టం ఎక్కువ వేసింది. నా పెళ్ళికీ ఇంతే. మనుషులు రావలసిన చోటికి వస్తువులు వచ్చాయి. అప్పుడంటే నాన్న ఉన్నారు. ఇప్పుడు? ఆవిడ నోరు తెరిచి రమ్మంటే నువ్వు వద్దన్నావు. మళ్ళీ వియ్యపురాలంటావు, చీర పెడతావు, ఫ్రెంచ్ నేర్చుకుంటావు. పాస్కల్‌ని చేసుకోవడం నీకు ఎప్పటికీ ఇష్టం కాలేదని నాకనిపిస్తుంది. నువ్వు పైకి అనవు. నువ్వు ఏదీ పైకి అనవు.

ఇది ఫోన్‌లో అయితే అనగలిగేదాన్ని కాను.

చంద్రిక

*

అశోక్‌నగర్,
29 డిసెంబర్ 2024

చంద్రికా, దీవెనలు.

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. ధనుర్మాసం. తెల్లవారుజామున గుడికి వెళ్ళి పాశురాలు విని వస్తున్నాను. స్వామి ముందు నిలబడి కూడా నీ ఉత్తరమే చదువుకున్నాను. మనసు కుదుటపడ్డాక రాద్దామని ఆగాను.

చీర కిటికీకి కట్టారంటే మొదట చివుక్కుమంది. అబద్ధం చెప్పను. ఆవిడకి ఇష్టమైతే అదే చాలు.

పాస్కల్ విషయంలో నా మనసులో ఏ మచ్చా లేదు. నిన్ను కళ్ళల్లో పెట్టుకుని చూసుకున్నవాడు. రోజూ దీపం పెట్టేటప్పుడు మీ ఇద్దరి పేర్లూ కలిపే అనుకుంటాను.

ఇక వద్దన్న సంగతి. చంద్రికా, మన ఇంట్లో మొదటి వద్దు ఎప్పుడైనా వద్దయిందా? నల్లకుంట పిన్ని ఇంటికి వెళ్తే కాఫీ ఇస్తానన్నప్పుడు ఇప్పుడే తాగొచ్చామని ఎన్నిసార్లు అన్లేదు? ఆవిడ వినేదా? "మొదటిసారి అడిగేది నోరు, రెండోసారి అడిగేది మనసు" అనేది బామ్మ. నేను ఆడపిల్ల తరఫు మనిషిని. ఒక్క పిలుపుకే సరేననడం నాకు చేతకాలేదు. ఆవిడ మళ్ళీ అడుగుతారు, అప్పుడు వెళ్దామనుకున్నాను. అందుకే పాస్‌పోర్టు. అందుకే స్వెట్టర్. ప్రతి ఉత్తరంలోనూ ఆవిడ ఏమన్నారని అడిగింది అందుకే. నువ్వు ఈ అలవాటు మర్చిపోయావని నాకు తట్టలేదు. తట్టాక, గుర్తు చెయ్యడానికి నోరు రాలేదు. పిలవమని ఎలా అడుగుతాం?

ఇప్పుడు ఎవరూ అడక్కుండానే చెప్తున్నాను. వస్తాను. ఆవిడతో నాకు చాలా పని ఉంది. నువ్వు మాటలు రాని దేశంలో దిగినప్పుడు నీ పక్కన నిలబడ్డ మనిషి. నేను నిలబడాల్సిన చోట ఆవిడ నిలబడ్డారు. ఆ మాట ఆవిడ భాషలో ఆవిడకి చెప్పాలి.

కింద ఫ్రెంచ్‌లో రెండు మాటలు రాశాను. నీ నోటితో చెప్పొద్దు, కాగితం చూపించు.

అవెక్ ప్లెజీర్.

అక్క

*

లియోన్,
19 జనవరి 2025

అక్కా,

అత్తగారికి పక్షవాతం వచ్చిందని ఫోన్‌లో చెప్పినప్పుడు నువ్వు "నారాయణా" అని ఊరుకున్నావు. నీ ఉత్తరం వస్తున్న సంగతి చెప్పలేదు. నిన్న ఆసుపత్రి నుంచి వచ్చేసరికి డబ్బాలో ఉంది. కోటు విప్పకుండానే మెట్ల మీద కూర్చుని చదివాను.

కుడిచెయ్యి కొంచెం కదులుతోంది. మాట పోయింది. పూర్తిగా కాదు. బోంజూర్, మెర్సీ, వ్వాలా, వద్దనడానికి నోన్. ఇవి మిగిలాయి. రోజూ వాడి వాడి అరిగిన మాటలు అంత తేలిగ్గా పోవని డాక్టరు అన్నాడు. నువ్వు రాసిన గుడి మెట్లు గుర్తొచ్చాయి. కానీ నన్ను పేరు పెట్టి పిలవలేకపోతున్నారు. నాకు అన్ని మాటలు నేర్పిన మనిషి.

నీకు చెప్పని సంగతులు ఉన్నాయి. ఆవిడ నిన్ను మళ్ళీ అడగాలనుకున్నారు. నువ్వు ఫ్రెంచ్ నేర్చుకుంటున్నావని తెలిసిన రోజే. నేనే వద్దన్నాను. "మా అక్కది ఒకటే మాట. మళ్ళీ అడిగితే ఇబ్బంది పడుతుంది" అన్నాను. నీ చీటీ వచ్చినప్పుడు ఇంకోసారి అన్నారు. అప్పుడూ ఆపాను. నిన్ను గౌరవిస్తున్నాననుకున్నాను అక్కా.

ఆ మేడ మీద గది నీది. నువ్వు వద్దన్నా కూడా వేసవిలో దానికి రంగు వేయించారు. పొద్దున్నే లేవగానే నీకు మన రంగులు కనబడాలని చీర అక్కడ కట్టారు. ఎలాగూ రానన్నావని అది నీకు రాయలేదు.

అవెక్ ప్లెజీర్ నా నోటికి ఎందుకు రాలేదో నీ ఉత్తరం చదివాక గుర్తొచ్చింది. వచ్చిన కొత్తలో ఏది పెట్టబోయినా వద్దనేదాన్ని. మళ్ళీ అడుగుతారని చూసేదాన్ని. గిన్నె పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయేది. ఎన్ని రాత్రులు సగం ఆకలితో పడుకున్నానో. ఆ పిల్లని ఎక్కడ పారేసుకున్నాను అక్కా?

కాగితం చూపించాను. నీ అక్షరాల మీద ఎడమచెయ్యి పెట్టి "మెర్సీ" అన్నారు. ఇప్పుడు చాలావాటికి అదే అంటున్నారు, అది దీనికో కాదో తెలియదు. మా ఇంట్లో రెండుసార్లు అడగాలని, మొదటి వద్దు వద్దు కాదని కూడా చెప్పాను. కళ్ళు మూసుకుని విన్నారు. విన్నారనే అనుకుంటున్నాను.

నా చిన్నతనం గురించి నిన్ను అడగాలని ఆవిడకి ఎన్ని ప్రశ్నలో. నేను ఏం తినేదాన్ని, చీకటంటే ఎందుకు భయం, అమ్మ పోయినప్పుడు నిన్ను ఏమని పిలిచాను. అవన్నీ ఇప్పుడు లోపలే ఉండిపోయాయి.

రా అక్కా. రా. రా.

చంద్రిక

*

అశోక్‌నగర్,
6 జూలై 2025

చంద్రికకు, పాస్కల్‌కి దీవెనలు.

క్షేమంగా చేరాను. ఈరోజు తొలి ఏకాదశి. గుడిలో ఇసకవేస్తే రాలనంత జనం. సిమోన్ గారి పేరు మీద అర్చన చేయించాను. పూజారిగారు గోత్రం అడిగితే కాసేపు తడబడి మనదే చెప్పాను. ఆయన మారుమాటాడకుండా చదివేశారు.

మీ బావగారు నేను లేనన్నాళ్ళూ కింద హాస్టల్ పిల్లలతో కలిసి మెస్సులో తిన్నారట. వాళ్ళకి లెక్కలు చెప్పి పెరుగు ఎక్కువ వేయించుకున్నారు. ఆయన బెంగ లేదు.

నిన్న నారాయణగూడ వెళ్ళాను. ప్రేమ పరీక్ష పాసైంది, అందరికీ మైసూర్‌పాక్ పంచుతోంది. నన్ను చూడగానే పరుగెత్తుకొచ్చింది. "మాట్లాడినవా అక్కా, మీ చెల్లె అత్తతోని?"

"మాట్లాడానమ్మా."

"ఫ్రెంచ్‌లనేనా? మస్తు మాట్లాడినవా?"

"ఆవిడ దగ్గర ఎన్ని మాటలున్నాయో నా దగ్గరా అన్నే ఉన్నాయి" అన్నాను. ఆసుపత్రిలో పనిచేసే పిల్ల కదా, అర్థమైంది. మైసూర్‌పాక్ డబ్బా మూతపెట్టి నా పక్కన కూర్చుంది.

చంద్రికా, నీ దగ్గర ఉన్నన్నాళ్ళూ నేను బాధపడలేదనుకున్నావు. మన ఇంట్లో నేను పైకి ఏదీ అననని నువ్వే అన్నావు. ఇప్పుడు అంటున్నాను. ఏడాదంతా కూడబెట్టుకున్నాను. నువ్వు చిన్నప్పుడు పెరుగన్నంలో బెల్లంముక్క లేనిదే తినేదానివి కాదని ఫ్రెంచ్‌లో చెప్పడం నేర్చుకున్నాను. చీకట్లో నా కొంగు చేతికి చుట్టుకుని పడుకునేదానివని. అమ్మ పోయిన మర్నాడు నన్ను అమ్మా అనబోయి అక్కా అన్నావని. అన్ని జవాబులూ పట్టుకుని వచ్చాను. అడిగే మనిషి దగ్గర ప్రశ్నలు లేవు. ఆవిడ చెయ్యి పట్టుకుని ఒక్కొక్కటీ చెప్పాను. ఎంత అందిందో ఆ స్వామికి తెలియాలి. ఏడాది ముందు వచ్చుంటే ఆవిడ నవ్వేవారు, నా తప్పులు దిద్దేవారు, నీ మీద చాడీలు చెప్పేవారు. ఆ ఏడాదిని నేను మర్యాదకి ఖర్చుపెట్టాను. నువ్వు నిన్ను అనుకోకు. మొదటి వద్దు నాది.

నువ్వు మందుల షాపుకి వెళ్ళినప్పుడు జరిగింది ఒకటుంది. అక్కడ చెప్పలేకపోయాను.

ఆవిడా నేనూ చెట్టుకింద కూర్చున్నాం. పాస్కల్ కోసి పెట్టిన చెర్రీల గిన్నె ఆవిడ ఒళ్ళో ఉంది. ఎడమచేత్తో ఎత్తి నా ముందు పెట్టారు. నా నోట్లోంచి వెంటనే ఏమొచ్చిందో తెలుసా? "నోన్, మెర్సీ." అన్ని నెలల క్లాసు, అంత ఏడుపు, అంత దూరం ప్రయాణం, ఆఖరికి అదే మాట. ఆవిడ గిన్నె దించుకున్నారు. చెయ్యి చాపుదామంటే చెయ్యి రాలేదు.

కాసేపటికి ఆవిడ గిన్నె మళ్ళీ ఎత్తారు. రెండు పళ్ళు గడ్డిలో పడ్డాయి. నా మొహంలోకి చూసి, "వ్వాలా" అన్నారు.

నువ్వు చెప్పింది ఆవిడ విన్నారు చంద్రికా.

అవెక్ ప్లెజీర్ అన్నాను. గట్టిగానే అన్నాను. ఒక జంట తీసుకుని తిన్నాను. గింజ ఎక్కడ వెయ్యాలో తెలియక నోట్లోనే పెట్టుకుని చూస్తుంటే, ఆవిడ గిన్నె ఒళ్ళో పెట్టుకుని, చెయ్యి నా నోటి ముందుకి చాపారు. పసిపిల్ల నోటి ముందు పట్టినట్టు. అమ్మ పోయాక నా నోటి ముందు ఎవరూ చెయ్యి పట్టలేదు. నేనే అందరికీ పట్టాను. ఆ గింజ ఆవిడ అరచేతిలో వేశాను.

నువ్వు మందులు పట్టుకుని వచ్చేసరికి ఇద్దరం మామూలుగా కూర్చున్నాం. నా కళ్ళు ఎర్రగా ఉన్నాయంటే గాలి అన్నాను. గాలి లేదు ఆరోజు.

మేడ మీద గదిలో స్వెట్టర్ వదిలేసి వచ్చాను. మర్చిపోయి కాదు.

ఆవిడని బాగా చూసుకో. నేనున్నప్పుడు చేసినట్టే సాయంత్రాలు ఎండలో కూర్చోబెట్టు. ఈ ఉత్తరం చదివి వినిపించు, అర్థమైనంత అవుతుంది. చదివాక, మళ్ళీ ఎప్పుడొస్తావని నన్ను అడగమను. మాట రాకపోతే ఆవిడ తరఫున నువ్వే రాయి.

ఒక్కసారి అడిగితే చాలు.

అక్క